ఉప్పు తిన్న విశ్వాసం

సాంభర్ సరస్సు ఎర్రని నీటిలో ఒక అనువాద దోషాన్ని వెతుక్కుంటూ చేసిన ప్రయాణం

సాంభర్ సరస్సును మొదటిసారి చూసినవారికి అది సరస్సు అన్న నమ్మకం ఒక పట్టాన కుదరదు. నేల ఎక్కడ ముగిసిందో, నీరు ఎక్కడ మొదలయిందో తెలియదు. కాళ్ళ కింద బూడిదరంగు బురద. దాని మీద పాలపై మీగడ కట్టినట్టు పలుచని ఉప్పు పొర. అడుగు వేసినప్పుడల్లా అప్పడం విరిగిన చప్పుడు. దూరాన మెరిసేది నీరో ఎండమావో పోల్చుకోలేక నిలబడి ఉండగానే, ఆ మెరుపులో ఒక గులాబీరంగు గీత కదులుతుంది. అవి ఫ్లెమింగోలు. అవి నిలుచున్న చోటు మాత్రం నీరేనని అప్పుడు ధైర్యం చిక్కుతుంది.

మార్చి మొదటి వారం. ఉదయం తొమ్మిది కాకుండానే ఉప్పు మీద పడిన ఎండ కళ్ళలో సూదులు గుచ్చుతున్నది. నాకు తోడుగా వచ్చిన పెద్దాయన, నలభై ఏళ్ళు ఆ ఉప్పు మళ్ళలోనే పనిచేసినవాడు, గట్టు మీద నిలబడి ఒక మడి వైపు చేయి చూపించాడు. ఆ మడిలో నీరు ఎర్రగా ఉన్నది. దిష్టి తీయడానికి పసుపూ సున్నమూ కలిపిన ఎర్రనీళ్ళు పళ్ళెంలో ఎలా ఉంటాయో, ఆ మడి నిండా అలా ఉన్నది.

"ఇది చూడడానికేనా, బహెన్‌జీ, అంత దూరం నుంచి వచ్చారు?"

"ఇందుకే వచ్చాను, చాచా" అన్నాను.

ఆయన తలపాగా సవరించుకొని నవ్వాడు. "పక్షులను చూడడానికి వస్తారు. అమ్మవారి దర్శనానికి వస్తారు. ఉప్పు బేరానికి వస్తారు. ఈ నీళ్ళ కోసం వచ్చినవారిని నేను చూడలేదు."

నన్ను అక్కడికి రప్పించింది ఒక పోస్టుకార్డు.

ఒక మాట తెచ్చిన చిక్కు

నాది అనువాద వృత్తి. చదువుకున్నది ఆంగ్ల సాహిత్యం. నవలలు, జీవితచరిత్రలు అనువదించుకుంటూ ఇరవై యేళ్ళు గడిపిన తరువాత, ఒక ప్రచురణ సంస్థ కోరగా విజ్ఞానశాస్త్ర వ్యాసాల సంపుటి ఒకటి తెలుగు చేశాను. అందులో ఒక వ్యాసం ఉప్పు నీటిలో బతికే సూక్ష్మజీవుల గురించినది. వాటికి శాస్త్రజ్ఞులు పెట్టిన గ్రీకు పేరుకు అర్థం 'ఉప్పును ప్రేమించేవి' అని. సూక్ష్మజీవికి ప్రేమ ఏమిటి, ఇది కేవలం అలంకారమని నాకు తోచింది. "ఎంతటి ఉప్పునైనా తట్టుకొని బతికేవి" అని రాశాను. వాక్యం చెవికి ఇంపుగానే వినిపించింది.

అంతటితో ఆగితే బాగుండేది. వ్యాసం చివర ఒకచోట, ఈ జీవులలోని ఎంజైములు ఉప్పు తగ్గితే చెడిపోతాయని ఉన్నది. ఉప్పును తట్టుకొనే జీవికి ఉప్పు తగ్గితే హాయి కలగాలి గదా, నష్టమెందుకు? మూలంలో అచ్చుతప్పు పడిందనుకొన్నాను. "ఉప్పు మితిమీరితే" అని దిద్దాను. ఆ దిద్దుబాటు చేసినందుకు లోలోపల కొంత గర్వపడ్డాను కూడా.

పుస్తకం వెలువడిన మూడు నెలలకు ఒక చిన్న ఊరి నుంచి, పదవీ విరమణ చేసిన సైన్సు ఉపాధ్యాయుడొకరు కార్డు రాశారు. గుండ్రని అక్షరాలు, కొసరి కొసరి రాసిన వాక్యాలు. "అమ్మా, తమ అనువాదం చక్కగా ఉన్నది. అయితే ఉప్పు 'తగ్గితే' అని ఉండవలసిన చోట 'మితిమీరితే' అని ఉన్నది. ఇది అచ్చుతప్పా, లేక తమ దిద్దుబాటా? తట్టుకోవడం వేరు, లేనిదే బతకలేకపోవడం వేరు. ఆ తేడాయే ఈ వ్యాసానికి ప్రాణం."

ఆ కార్డుకు వెంటనే జవాబు రాయలేకపోయాను. తప్పు ఒప్పుకోవాలంటే ముందు అది ఎలా తప్పో తెలియాలి. కొన్ని నెలల పాటు దొరికినదల్లా చదివాను. ఇంతలో అనువాదకుల సమావేశానికి జైపూర్ వెళ్ళవలసి వచ్చింది. ఒక రోజు మిగిలింది. జైపూర్‌కు నైరుతిగా సుమారు 80 కిలోమీటర్ల దూరాన, ఫులేరా జంక్షన్ దాటిన తరువాత, మన దేశంలోకెల్లా పెద్దదైన లోతట్టు ఉప్పు సరస్సు ఉన్నది. ఇంతకాలం కాగితం మీద చదివిన ఆ నీటిని ఒకసారి కంటితో చూద్దామనిపించింది.

వెండి మైదానం

సాంభర్ పొడవు సుమారు 35 కిలోమీటర్లు. వెడల్పు ఒకచోట మూడు కిలోమీటర్లుంటే, మరొకచోట పదకొండు. ఇంత విశాలమైన నీరు వానాకాలం తరువాత కూడా మూడు మీటర్ల లోతుకు మించదు; ఎండాకాలానికి మోకాలి లోతుకు దిగిపోతుంది. ఉత్తరం నుంచి మేంధా, దక్షిణం నుంచి రూపన్‌గఢ్ వంటి వాగులు వాననీటిని మోసుకొని వస్తాయి. బయటికి పోయే దారి లేదు. వచ్చిన నీరు ఆకాశానికి పోతుంది. నీటితో వచ్చిన లవణం ఇక్కడే మిగులుతుంది. యుగయుగాలుగా ఇదే జమాఖర్చు.

స్థలపురాణం మరొక విధంగా చెబుతుంది. శాకంభరీదేవి ప్రసన్నురాలై ఇక్కడి అడవినంతా వెండి మైదానంగా మార్చిందట. అంత వెండి కోసం జనం ఒకరినొకరు చంపుకొంటారని భయపడి ఊరివారు వేడుకోగా, దానిని ఉప్పు మైదానంగా మార్చిందట. ఆ తల్లి గుడి ఇప్పటికీ సరస్సు అంచున రాతిగుట్ట మీద ఉన్నది. చౌహాన్ రాజుల తొలి రాజధానికి ఆమె పేరే. ఊళ్ళో దేవయాని పేరుతో ఒక కోనేరు కూడా ఉన్నది. శర్మిష్ఠ చేత బావిలోకి నెట్టబడి యయాతి చేయి పట్టుకొని బయటపడిన దేవయాని కథ ఇక్కడే జరిగిందని స్థానికుల విశ్వాసం. ఉప్పు సరస్సు ఒడ్డున మంచినీటి కోనేరుకు ఇంత మహిమ ఎందుకు కలిగిందో అక్కడ ఒక పూట దాహంతో తిరిగినవారికి చెప్పనక్కరలేదు.

వెండి ఉప్పయినా పోటీ తప్పలేదు. 1870లో బ్రిటిష్ ప్రభుత్వం జైపూర్, జోధ్‌పూర్ సంస్థానాల నుంచి ఈ సరస్సును కౌలుకు తీసుకొన్నది. ఇక్కడి ఉప్పును ఈ నాటికీ ప్రధానంగా తయారుచేస్తున్న ప్రభుత్వరంగ సంస్థ 1964లో ఏర్పడింది. సరస్సుకు అడ్డంగా ఐదు కిలోమీటర్ల పొడవున రాతి ఆనకట్ట ఉన్నది. పడమటి భాగంలో నీరు తగినంత చిక్కబడిన తరువాత, తూముల ద్వారా తూర్పు వైపు మళ్ళలోకి వదులుతారు. మళ్ళలో అది ఇంకా చిక్కబడి, ఒకనాడు రంగు మారుతుంది.

"ఎరుపెక్కిందంటే ఉప్పు దగ్గరపడినట్టే" అన్నాడు పెద్దాయన. "మా నాన్న చెప్పేవాడు: ఈ నీటికి రక్తం పట్టిన తరువాతనే ఉప్పు పుడుతుందని."

ఆయన తండ్రి చెప్పినది పూర్తిగా కవిత్వం కాదు. ఆ ఎరుపు నిజంగా ప్రాణుల రంగే. ఒక్కొక్క మిల్లీలీటరులో కోట్ల సంఖ్యలో సూక్ష్మజీవులు గుమిగూడినందువల్ల వచ్చినది. వాటి పైపొరలోని ఎర్రని వర్ణకం ఎండ దెబ్బ నుంచి వాటిని కాపాడుతుంది. అదే ఎరుపు సూర్యుని వేడిని అదనంగా పీల్చి నీటిని త్వరగా ఆవిరి చేస్తుంది కనుక, ఉప్పు త్వరగా గడ్డకడుతుంది. ఉప్పు రైతుకు ఇవి తెలియని కూలీలు.

మాగాయ చెప్పిన పాఠం

ఇంత ఉప్పులో ప్రాణి ఎలా బతుకుతుందని అడగడానికి ముందు, అసలు ఎందుకు బతకకూడదో తెలుసుకోవాలి. దానికి మన వంటింటికి మించిన ప్రయోగశాల లేదు.

మా అమ్మ మాగాయ పెట్టేటప్పుడు చెక్కు తీసిన మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ కలిపి జాడీలో వేసి ఉంచేది. చుక్క నీరు పోసేది కాదు. మూడవ నాడు తెరిస్తే జాడీ సగానికి ఊట వచ్చి ఉండేది; ముక్కలు వడలి ఉండేవి. బయట ఉప్పు ఎక్కువ, లోపల తక్కువ. అందుచేత కాయలోని ప్రతి జీవకణం నుంచి నీరు బయటికి నడిచి వచ్చింది. దానినే శాస్త్రజ్ఞులు ద్రవాభిసరణం అంటారు. ఊరగాయ చెడకుండా ఉండడానికి కారణం కూడా ఇదే. దానిని పాడుచేయడానికి వచ్చిన సూక్ష్మజీవి గతి కూడా మామిడి ముక్క గతే అవుతుంది.

సముద్రపు నీరు లీటరులో సుమారు 35 గ్రాముల లవణం ఉంటుంది. గడ్డకట్టడానికి సిద్ధంగా ఉన్న ఎర్రని మడిలో అది 300 గ్రాములు దాటుతుంది. అటువంటి నీటిలో నిలవాలంటే ప్రాణికి రెండు దారులు.

మొదటి దారి, ఉప్పును గుమ్మం బయటే నిలిపి, నీరు పోకుండా లోపల మరొక పదార్థాన్ని నింపుకోవడం. ఉప్పు మళ్ళలో పెరిగే డునాలియెల్లా అనే నాచు ఇలాగే చేస్తుంది. తన కణాన్ని గ్లిసరాల్‌తో నింపుకొంటుంది. గ్లిసరాల్ సాధువైన పదార్థం; లోపలి యంత్రాంగానికి హాని చేయదు. అందువల్ల ఆ నాచులోని ఎంజైములు మామూలు ఎంజైములే. అనేక బాక్టీరియాలు కూడా ఎక్టాయిన్ వంటి పదార్థాలతో ఈ దారినే నడుస్తాయి. వీటిని 'తట్టుకొనేవి' అంటే అంత తప్పు లేదు.

రెండవ దారి సాహసంతో కూడినది. బయట ఎంత లవణం ఉన్నదో లోపల కూడా అంత లవణం నింపుకోవడం. మడిని ఎరుపెక్కించే ప్రధాన జీవులు, ఆర్కియా అనే ప్రాచీన వర్గానికి చెందినవి, ఈ దారిని ఎన్నుకొన్నాయి. సోడియాన్ని బయటికి తోసి, పొటాషియాన్ని లోపలికి లాగుతాయి. కొన్ని జాతులలో కణం లోపలి పొటాషియం క్లోరైడ్ లీటరుకు 300 గ్రాములు మించుతుంది. దానితో నీరు బయటికి పోయే ప్రమాదం తీరుతుంది. కానీ అంతకంటె పెద్ద ప్రమాదం మొదలవుతుంది: ఇంట్లోని ప్రతి వస్తువూ ఇక ఉప్పులోనే పనిచేయాలి.

ఎండిన బావి దగ్గర

జీవకణంలో జరిగే ప్రతి పనికీ ఒక ఎంజైము ఉంటుంది. ఎంజైము అంటే ఒక మాంసకృత్తు. అమైనో ఆమ్లాలనే పూసలు వరుసగా గుచ్చిన పొడవాటి దండ, తనలో తాను ముడుచుకొని ఒక నిర్దిష్టమైన ఆకారం పొందుతుంది. ఆకారం ఉంటేనే పని. నీటికి దూరంగా ఉండాలనుకొనే పూసలు లోపలికి పోతాయి. నీటిని ఇష్టపడేవి పైకి వస్తాయి. ఆ ముద్ద చుట్టూ నీటి అణువులు ఒక పలుచని వస్త్రంలాగా కప్పి ఉంటాయి. ఆ నీటి వస్త్రమే ఎంజైమును కరిగి, విడివిడిగా, చురుకుగా ఉంచుతుంది.

ఉప్పు ఎక్కువైతే ఏమవుతుంది? ఎండాకాలంలో ఊరి బావి దగ్గరి దృశ్యం ఊహించండి. నీరు అడుగంటింది. చేదలు పట్టుకొని ఊరంతా చేరింది. లవణపు కణాలలో ప్రతిదీ తన చుట్టూ కొంత నీటిని కట్టిపెట్టుకొనేదే. అంత గుంపులో మామూలు మాంసకృత్తుకు నీరు దక్కదు. దాని వస్త్రం ఊడిపోతుంది. ఒకదానికొకటి అతుక్కొని గడ్డకట్టి అడుగుకు దిగిపోతాయి. ప్రయోగశాలలో మాంసకృత్తులను వేరుచేయడానికి లవణం పోసి గడ్డకట్టించడం పాత పద్ధతి.

మరి ఉప్పు జీవుల ఎంజైములు ఏమి చేశాయి? ఎక్కువ చేదలు తెచ్చుకొన్నాయి.

ఈ సంగతి బయటపడడానికి మూలం మన సాంభర్ కాదు, ఇజ్రాయెల్, జోర్డాన్‌ల నడుమ ఉన్న మృత సముద్రం. లవణంలో అది మామూలు సముద్రానికి దాదాపు పది రెట్లు. అందులో ఏ ప్రాణీ ఉండదని శతాబ్దాలుగా లోకం నమ్మింది. దాని పేరే ఆ నమ్మకానికి సాక్ష్యం. 1936లో బెంజమిన్ వోల్కానీ అనే యువ శాస్త్రజ్ఞుడు ఆ నీటిలో సూక్ష్మజీవులు బతికి ఉన్నాయని ప్రకటించాడు. తరువాతి దశాబ్దాలలో అక్కడి హాలోఆర్క్యులా మారిస్‌మార్టుయి అనే జీవి శాస్త్రజ్ఞులకు ముఖ్యమైన నేస్తమయింది. 'మృత సముద్రపు ఉప్పుపెట్టె' అని ఆ పేరుకు స్థూలంగా అర్థం చెప్పుకోవచ్చు. దానిలోని మాలేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైము నిర్మాణాన్ని 1995లో ఇజ్రాయెల్ పరిశోధకులు ఎక్స్-కిరణాల సాయంతో పరమాణువు పరమాణువుగా చూపించారు. అదే పని చేసే ఎంజైము మన శరీరంలోనూ ఉన్నది. తిన్న తిండి నుంచి శక్తి తీసే చక్రంలో అదొక ఆకు.

చూస్తే, లోపలి పనితీరు బంధువుల పోలికలోనే ఉన్నది. మారినది ముఖ్యంగా పైభాగం. ఎంజైము పై తలమంతా ఆస్పార్టిక్ ఆమ్లం, గ్లుటామిక్ ఆమ్లం అనే రెండు రకాల పూసలు దట్టంగా పరచుకొని ఉన్నాయి. ఈ రెండూ రుణ విద్యుదావేశం కలవి. ధనావేశం గల లైసిన్ అనే పూసలు బాగా తగ్గిపోయాయి. ఆ రుణావేశాలే నేను చెప్పిన చేదలు. అవి నీటి అణువులనూ, నీటిని మోసుకొని తిరిగే పొటాషియం, సోడియం కణాలనూ తమ చుట్టూ ఒక వలగా అల్లుకొంటాయి. నీటిని దోచుకొనే ఉప్పునే నీళ్ళు మోసే పనికి పెట్టుకొన్నాయన్నమాట.

అదే జీవిలోని ఫెరెడాక్సిన్ అనే మరొక మాంసకృత్తు నిర్మాణం 1996లో తెలిసింది. ఆకుపచ్చని చెట్ల ఆకులలో ఉండే ఫెరెడాక్సిన్‌కు ఇది దగ్గరి పోలిక. తేడా అల్లా, దీనికి ఒక చివర ఆమ్లపు పూసలతో నిండిన అదనపు తునక ఒకటి అతికి ఉన్నది. పాత చొక్కా మీద వానకోటు తొడుక్కొన్నట్టు.

ఇది ఒకటి రెండు ఎంజైముల విచిత్రం కాదు. 2000లో ఈ వర్గపు జీవి ఒకదాని జన్యుపటం పూర్తయినప్పుడు, దాని మాంసకృత్తులలో అత్యధిక భాగం ఇలాగే ఆమ్లగుణం కలవని తేలింది. స్పెయిన్ ఉప్పు మళ్ళలో కనుగొని 2002లో వర్ణించిన సాలినిబాక్టర్ అనే జీవి ఈ వర్గానికి చెందినదే కాదు, వంశం వేరు. అయినా అదీ లోపల ఉప్పు నింపుకొన్నది, దాని మాంసకృత్తులూ రుణావేశాన్నే ధరించాయి. ఒకే కష్టం వచ్చినప్పుడు ఎరగని ఇద్దరు ఒకే ఉపాయం కనిపెట్టినట్టు. 2009లో స్పెయిన్ పరిశోధకులు మామూలు మాంసకృత్తు ఒకదానిపై పూసలను మార్చి ఉప్పు స్వభావం తెప్పించగలిగారు. పొడుగు చేతుల లైసిన్ పోయి పొట్టి పూసలు రావడంవల్ల నీటికి తగిలే పైభాగం కుదించుకుపోవడం కూడా ఇందులో ముఖ్యమని వారు చూపారు. నీటిని పట్టుకోవడం ఎంత, పైభాగాన్ని కుదించుకోవడం ఎంత అన్నది శాస్త్రజ్ఞులు ఇంకా తూకం వేస్తూనే ఉన్నారు.

ఈ పట్టుదల వల్ల మనకు కలిగిన మేలు ఒకటి చెప్పాలి. జీవకణంలో మాంసకృత్తులను తయారుచేసే కర్మాగారం రైబోసోమ్. దాని పెద్ద భాగం నిర్మాణాన్ని 2000లో మొదటిసారి స్పష్టంగా చూపించినది మృత సముద్రపు ఆ జీవి రైబోసోమ్ స్ఫటికాలతోనే. ఆ రంగంలో కృషికి 2009 నోబెల్ బహుమతిని థామస్ స్టీట్జ్, అదా యోనత్‌లతో కలిసి పంచుకొన్న మూడవ శాస్త్రజ్ఞుడు తమిళనాడులో పుట్టిన వెంకటరామన్ రామకృష్ణన్. ఆయన పరిశోధించినది మాత్రం ఉప్పు జీవిని కాదు, వేడి నీటి జీవిని.

రెండు గ్లాసులు

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తాను.

ఇన్ని రుణావేశాలు ఒకే చోట పక్కపక్కన ఉంటే ఏమి జరగాలి? ఒకే రకమైన ఆవేశాలు ఒకదానినొకటి తోసుకొంటాయని హైస్కూలులోనే చదివాము. వాటి నడుమ లవణపు కణాలు కిక్కిరిసి ఉన్నంత కాలం ఆ తోపులాట అణిగి ఉంటుంది. ఉప్పు తగ్గిస్తే నడుమ నిలిచి సర్దిచెప్పేవారు లేచిపోయినట్టే. ఆవేశాలు ఒకదానినొకటి తోసుకొంటాయి. ఎంజైము ముడి విడిపోతుంది. ఆకారం పోతుంది, ఆకారంతో పని పోతుంది. మాలేట్ డీహైడ్రోజినేస్ నాలుగు భాగాలు కలిసిన ముద్ద; ఉప్పు పలుచబడితే అది తునకలై విప్పుకుపోతుంది.

అంటే ఉప్పు ఆ ఎంజైముకు శత్రువు కాదు. దాని రూపాన్ని నిలిపి ఉంచుతున్న హస్తమే ఉప్పు. నేను "తట్టుకొని" అని రాసినప్పుడు ఉప్పును శత్రువుగా, జీవిని వీరుడిగా చిత్రించాను. "తగ్గితే" అన్నదాన్ని "మితిమీరితే" అని దిద్దినప్పుడు నేను నిజానికి దిద్దినది మూలాన్ని కాదు, నాకు కొత్తగా కనిపించిన సత్యాన్ని. తెలియని భావాన్ని తెలిసిన భావంలోకి ఒంచడం అనువాదకుడికి ఎప్పుడూ పొంచి ఉండే ప్రమాదం.

పెద్దాయన తన నీళ్ళ సీసా ఖాళీ చేసి, ఎర్రనీరు నింపి నాకు ఇచ్చాడు. ఆ సాయంత్రం జైపూర్‌లో బస చేసిన చోట వంటవాణ్ణి పిలిచి గుప్పెడు ఉప్పు కావాలన్నాను. "గొంతు నొప్పా, మేడమ్? వేడినీళ్ళు తెమ్మంటారా?" అని అడిగాడు పాపం. ఉప్పు మాత్రం చాలన్నాను.

రెండు గాజు గ్లాసులలో సమంగా ఎర్రనీరు పోశాను. ఒకదానిలో, ఇక కరగదన్నంతవరకు ఉప్పు కలిపిన నీరు. రెండవదానిలో మామూలు తాగే నీరు, నాలుగింతలు. రెండింటిలోనూ రంగు పలుచబడింది. కానీ ఉప్పునీటి గ్లాసు మబ్బుగానే ఉన్నది. దాని వెనుక పెట్టిన పత్రిక అక్షరాలు మసకగా కనిపించాయి. తాగేనీటి గ్లాసు చూస్తుండగానే తేటపడింది. అక్షరాలు చదవడానికి వచ్చాయి. ఆ మబ్బు కోట్ల ప్రాణులు. మంచినీరు తగిలి వాటి గోడలు విచ్చిపోయాయి. ఏ ప్రాణికైనా దాహమిచ్చి ఆదుకొనే నీరు, ఆ ప్రాణులకు ప్రళయమయింది.

నేను పోసినది విషం కాదు. పక్క గ్లాసు నుంచి నేను తాగుతున్న నీరే. చాలాసేపు ఆ తేటనీటి వైపు చూస్తూ కూర్చున్నాను.

సరస్సుకు ఏమి కావాలి

సాంభర్ కథలో ఇదే పాఠం మరొక రూపంలో జరిగింది. 2019 నవంబరులో ఈ సరస్సు ఒడ్డున వలస పక్షులు గుంపులు గుంపులుగా రాలిపోయాయి. అధికారుల లెక్క ప్రకారమే దాదాపు 18,000. కారణం బాట్యులిజం అనే విషవ్యాధి అని బరేలీలోని భారత పశువైద్య పరిశోధన సంస్థ తేల్చింది. ఆ సంస్థ ఇచ్చిన వివరణ ఇది: ఎన్నో ఏళ్ళ తరువాత ఆ యేడు వానలు సరస్సును నింపాయి. నీరు పలుచబడి, నత్తల వంటి చిన్న ప్రాణులు పెరగడానికి వీలు కలిగింది. తరువాత నీరు తగ్గి ఉప్పు మళ్ళీ చిక్కబడగానే, ఉప్పుకు పుట్టని ఆ ప్రాణులు చచ్చిపోయాయి. కుళ్ళిన కళేబరాలలో విషం తయారుచేసే బాక్టీరియా పెరిగింది. దానిని తిన్న పక్షులు, పక్షుల కళేబరాల పురుగులను తిన్న పక్షులు, వరుసగా కూలిపోయాయి.

పెద్దాయన ఆ రోజులు మరచిపోలేదు. "గోనెసంచులలో మోశాము, బహెన్‌జీ" అన్నాడు. "ఉప్పు మోసిన సంచులలోనే."

వాననీటిని మోసుకొచ్చే వాగుల మీద అడ్డుకట్టలు, సరస్సు గర్భంలోనే అక్రమంగా వేసిన బోరుబావులు, దొంగచాటు ఉప్పు మళ్ళు: ఇవి ఇక్కడి పాత ఫిర్యాదులు. 1990లోనే రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తింపు వచ్చినా అవి తీరలేదు. ఉప్పు సరస్సు అంటే ఏమీ పెరగని బీడు అని, దానికి ఏమి చేసినా నష్టం లేదని అనుకోవడంలో నేను చేసిన తప్పే ఉన్నది. ఈ సరస్సుకు నీరూ కావాలి, ఉప్పూ కావాలి. ఏ ఋతువుకు ఏది ఎంతో అది దాని లెక్క. ఆ లెక్క తెలియకుండా దిద్దితే అర్థం తలక్రిందులవుతుంది.

వెళ్ళేముందు పెద్దాయనను అడిగాను. వానలు పడి మళ్ళు మునిగినప్పుడు ఈ ఎరుపు ఎక్కడికి పోతుందని.

"ఎక్కడికీ పోదు" అన్నాడు. "ఉప్పు గడ్డలో దాక్కుంటుంది. మళ్ళీ ఎండ వస్తుంది గదా."

ఆయన ఏ గ్రంథమూ చదవలేదు. కానీ ఉప్పు స్ఫటికాలలో చిక్కుకొన్న సన్నని ద్రవపు బుడగలలో ఈ జీవులు చాలాకాలం ప్రాణం నిలుపుకొంటాయని శాస్త్రజ్ఞులు కూడా అంటారు.

ఊరు చేరిన తరువాత ఉపాధ్యాయుడుగారికి ఉత్తరం రాశాను. తప్పు అచ్చుదీ కాదు, మూలానిదీ కాదు, నాదేనని. రెండవ ముద్రణలో "ఉప్పు లేనిదే రూపు నిలవనివి" అని మారుస్తున్నానని. దానితో పాటు సాంభర్ ఉప్పు చిన్న పొట్లం పంపాను. వారం తిరగకుండా జవాబు వచ్చింది.

"అమ్మా, ఉప్పు అందినది. ఉప్పు చేతికి చేయి ఇస్తే తగాదా వస్తుందంటారు మన పెద్దలు. తమరు తపాలాలో పంపించారు కనుక ఆ భయం లేదు. ఉప్పు తిన్న విశ్వాసమని మనం మనుషుల గురించి అంటాము. దానికి తగిన ప్రాణి ఒకటి నిజంగా ఉన్నదని, ఉప్పు విడిస్తే అది తానుగా మిగలదని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పాను. ఇక మీదట తమ పుస్తకం చూపించి చెబుతాను."

ఆ కార్డు ఇప్పుడు నా నిఘంటువులో 'తట్టుకొను' అన్న మాట ఉన్న పుటలో ఉన్నది.